కుబుసం చూసి ఆడో మగో, జాతేదో చెప్పగలరా? (ఫోటోలు పెట్టాను)

కొత్తబొరియ
నా టరాంటులాని (పెద్ద బొచ్చు సాలీడు) మూడేళ్ళ కిందట చిటికెన వేలి గోరంత ఉన్నప్పుడు తెచ్చుకున్నాను. డబ్బా మీద "బ్రాకీపెల్మా వేగన్స్, రెడ్ రంప్" అని రాసి ఇచ్చారు. ఇప్పుడు కాళ్ళు చాపితే దాదాపు 10 సెంటీమీటర్లు. పేరు చిట్టి. మొన్న రాత్రి కుబుసం విడిచింది. పొద్దున లేచి చూస్తే ఒకే డబ్బాలో రెండు సాలీళ్ళు! గుండె ఆగినంత పనైంది.

అసలు విషయానికొస్తే, అమ్మినాయన అప్పుడే పొట్ట కింద చూసి మగదన్నాడు. నా స్నేహితుడేమో ఇంత బొద్దుగా ఉంది కాబట్టి ఖచ్చితంగా ఆడదే అంటాడు. ఇంకొకాయన ఫోటో చూసి ఇది అసలు వేగన్సే కాదు పొమ్మన్నాడు. ముగ్గురు మూడు మాటలు.

ఫోటో 1 కుబుసం మొత్తం. ఫోటో 2 పొట్ట తోలు, రెండు తెల్ల చుక్కలు కనిపిస్తున్నాయి, ఆడ గుర్తు అవేనా? ఫోటో 3 చిట్టి గాజు గోడ ఎక్కినప్పుడు అడుగు నుంచి తీసింది. ఆడదైతే ఇరవై ఏళ్ళు నాతో ఉంటుంది. మగదైతే ఎన్నాళ్ళో తెలీదు. అందుకే ఈ ఆత్రం.

భూతద్దం
ఫోటో 2 బయటి వైపు. వెంట్రుకలు ఉన్నది బయట, నున్నగా ఉన్నది లోపల. మనం చూడాల్సింది లోపలి వైపు.

ఆ తెల్ల చుక్కలు పుస్తకాకార ఊపిరితిత్తుల అచ్చులు. మగకైనా ఆడకైనా నాలుగే ఉంటాయి, ముందు జత ఒకటి, వెనక జత ఒకటి. నీకు రెండే కనిపిస్తున్నాయంటే మిగతా రెండూ ముడతల్లో ఇరుక్కున్నాయి.

రాత్రిపిట్ట
ఫోటో 3 బట్టి నేను మగ అంటాను. ముందు ఊపిరితిత్తుల మధ్య, ఆ రెంటినీ కలిపే అడ్డగాడికి పైన, ముదురు రంగులో అర్ధచంద్రంలా మచ్చ ఉంది చూడండి.

మట్టిగూడు
రాత్రిపిట్టా, నువ్వు చెప్పే మచ్చ నిజమే. మగవాటికి ఆ గాడికి పైన అదనంగా సన్నటి నూలు గొట్టాల గుంపు ఉంటుంది, వీర్యం కోసం వల అల్లేటప్పుడు పనికొస్తుంది. కానీ ఫోటో 3లో వెలుగు పక్క నుంచి పడింది. అది నీడ కూడా కావచ్చు. అడుగు నుంచి చూసి నేను చెప్పిన వాటిలో తొమ్మిదింటికి నాలుగు తప్పాయి. కళ్ళు మూసుకుని చెప్పినా దాదాపు అంతే కదా. అప్పటి నుంచి కుబుసం తడిపి చూడందే నోరు విప్పను.

రాత్రిపిట్ట
నేను పందెం కాయలేదు, అనిపించింది చెప్పా అంతే. తడిపి చూడమనే నేనూ అంటా.

ఎనిమిదడుగులు
బొద్దుగా ఉంటే ఆడది అనే మాట మాత్రం దయచేసి మర్చిపోండి. బొద్దింకలు ఎన్ని పెడితే అంత బొద్దుగా ఉంటుంది.

పట్టుదారం
కొత్తబొరియా, తొందరపడి ఎండిన కుబుసాన్ని లాగొద్దు. అప్పడంలా విరిగిపోతుంది. నేను చేసే పద్ధతి చెప్తా, నిదానంగా చెయ్యి.

ముందు చేతులకి గ్లోవ్స్ వేసుకో. ఈ రకాల పొట్ట మీద ఉండే దురద నూగు కుబుసంలో కూడా అలాగే పని చేస్తుంది. ఊపిరి వదిలితే ఎగురుతుంది. కుబుసం పట్టుకున్న చేత్తో కళ్ళు నలుపుకోవడం మాత్రం పొరపాటున కూడా వద్దు. ఆ నూగు కంట్లో గుచ్చుకుంటే డాక్టరు దగ్గరికి పరుగే.

గోరువెచ్చటి నీళ్ళు, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క. సబ్బు ఎందుకంటే వెంట్రుకలు నీటిని దగ్గరకి రానివ్వవు, సబ్బుంటేనే లోపలిదాకా తడుస్తుంది. కాళ్ళూ వీపు పెంకూ వదిలేసి, పొట్ట తోలు వరకు మునిగేలా పెట్టు. నిన్న మొన్నటిదే కాబట్టి అరగంట చాలు. నెలల పాతదైతే నేను రాత్రంతా వదిలేస్తా.

మెత్తబడ్డాక ఉండలా ఉన్న తోలుని సన్నటి పెయింట్ బ్రష్ రెండింటితో నీళ్ళలోనే విప్పు. నీళ్ళలో అది తనంతట తను తేలి విచ్చుకుంటుంది. గాలిలోకి తీస్తే అతుక్కుపోతుంది. పూర్తిగా విప్పాక కింద గాజు ముక్కో, ప్లాస్టిక్ మూతో పెట్టి, వెంట్రుకల వైపు కిందకి, నున్నటి వైపు పైకి వచ్చేలా పరిచి ఎత్తు. మిగిలిన నీటిని టిష్యూ కొసతో పీల్చెయ్యి. నాలుగు తెల్ల మచ్చలు దొరికాక ముందు జత రెంటినీ కలిపే అడ్డగీత కోసం చూడు. ఆ గీత మధ్యలో, తల వైపుకి, ఏముందో ఫోటో తీసి పెట్టు. వెలుగు వెనక నుంచి ఒకటి, పక్క నుంచి ఒకటి.

కొత్తబొరియ
ఇంత వివరంగా ఎవరూ చెప్పలేదు అక్కా. ఒక డౌటు: ముందు జత ఏది, వెనక జత ఏది అని ఎలా తెలుస్తుంది? అంతా ఒకేలా ముద్దగా ఉంది.

పట్టుదారం
దారం వచ్చే రెండు తోకల్లాంటివి ఎటు ఉన్నాయో అది వెనక. వీపు పెంకు ఎటు అతుక్కుని ఉందో అది ముందు. అందుకే పొట్టని మిగతా దాని నుంచి కోసెయ్యకుండా తడపమన్నా.

తేలుకొండి
నేను సబ్బు బదులు స్పిరిట్ వాడతా. త్వరగా మెత్తబడుతుంది.

పట్టుదారం
అదీ పని చేస్తుంది. కానీ త్వరగా ఆరిపోతుంది కూడా, మొదటిసారి చేసేవాళ్ళకి టైం చాలదు.

జంతుశాస్త్రం_టీచర్
చర్చ బాగా నడుస్తోంది కాబట్టి ఒక మాట. చాలామంది "చర్మం చూసి లోపలి అవయవం ఎలా చెప్తారు?" అని అడుగుతారు. ఆడదానికి వీర్యం దాచుకునే సంచి ఉంటుంది, మన పాఠ్యపుస్తకాల్లో శుక్రగ్రాహిక అని చదివాం కదా, బొద్దింక పాఠంలోనూ ఉంటుంది. టరాంటులాలో అది పైచర్మం లోపలికి మడతపడి ఏర్పడిన భాగం. అందుకే దానికీ బయటి తోలులాంటి పొర ఉంటుంది, కుబుసంతో పాటు ఆ పొరా ఊడి వస్తుంది. ఊపిరితిత్తుల పొర, కోరలు, ఆహారం పీల్చే పొట్ట లోపలి పొర, అన్నీ అలాగే వస్తాయి. కుబుసం అంటే ఒంటి మీది చొక్కా ఒక్కటే కాదు, లోపలి అస్తరుతో సహా.

దీనివల్ల ఇంకో సంగతి. జతకట్టిన ఆడది గుడ్లు పెట్టకముందే కుబుసం విడిస్తే దాచుకున్న వీర్యం కూడా ఆ పొరతో పోతుంది. మళ్ళీ మగదాన్ని కలవాల్సిందే.

ఎనిమిదడుగులు
మాస్టారూ, ఈ చివరిది నాకు జరిగింది. ఆరు నెలలు గుడ్ల సంచి కోసం ఎదురుచూశా, ఒకరోజు చూస్తే కుబుసం. అప్పట్లో ఎందుకని అర్థం కాలేదు.

కొత్తబొరియ
చిరిగింది 😞 నీళ్ళలో విప్పుతుంటే బ్రష్‌కి దారం తగులుకుని పక్కకి ఊడిపోయింది. వెనక జత ఊపిరితిత్తుల దగ్గర నుంచి కింది దాకా చీలిక. ఇంక పనికిరాదా?

భూతద్దం
వెనక జత దగ్గర చిరిగితే మనకేం నష్టం లేదు. ముందు జత మధ్య భాగం బాగుందా లేదా అదొక్కటే చెప్పు.

కొత్తబొరియ
అది బాగానే ఉంది. ఫోటో 4 పెడుతున్నా. ఫోన్‌కి తగిలించే లెన్స్‌తో తీశా. అడ్డగీత మధ్యలో చిన్న పలకలా, గోధుమ రంగులో ఏదో ఉంది. అదేనా?

రాత్రిపిట్ట
ఓహో. నేను మగ అన్నమాట వెనక్కి తీసుకోవాల్సి వచ్చేలా ఉంది.

మట్టిగూడు
ఆగండి ఆగండి. నాకు ఈ ఫోటోలో అది పలకో, తోలు మడతో తేలడం లేదు. నా సంగతి చెప్తా. లాసియోడోరా అనే రకం టరాంటులా ఒకటి ఉండేది. రెండు కుబుసాలు వరసగా చూసి ఆడదని నమ్మేశా, రాణి అని పేరు కూడా పెట్టా. అందరికీ ఫోటోలు పంపా. మూడో కుబుసం తర్వాత చూస్తే ముందు చిన్న చేతుల చివర బాక్సింగ్ గ్లోవ్స్‌లా ఉబ్బు, మొదటి జత కాళ్ళకి కొక్కేలు. రాణి రాజయ్యింది. పాత కుబుసాలు మళ్ళీ తడిపి చూస్తే నేను పలక అనుకున్నది పక్కపక్కన రెండు చిన్న బొడిపెలు. కొన్ని మగవాటిలో ఆ చోట అనుబంధ గ్రంథుల అచ్చు అలాగే కనిపిస్తుంది. అప్పుడు నాకు చెప్పేవాళ్ళు లేరు.

సాలెగూటి_సీత
రాణి రాజయ్యాక ఎన్నాళ్ళు ఉన్నాడు?

మట్టిగూడు
ఏడాదికి కొంచెం పైన. చివరి నెలల్లో తిండి మానేశాడు, డబ్బా అంతా రాత్రంతా తిరిగేవాడు, ఆడదాన్ని వెతుక్కుంటూ. చాలా మంచివాడు.

భూతద్దం
మట్టిగూడు చెప్పింది కీలకం. తేడా తేల్చడానికి తేలిక పరీక్ష ఒకటుంది. శుక్రగ్రాహిక అయితే అది తోలుకి ఒక అంచు దగ్గరే అతుక్కుని ఉంటుంది, మిగతా అంచు విడిగా ఉంటుంది. జేబు మూతలాగా. సూది మొనతో వెనక వైపు నుంచి మెల్లగా తోస్తే పైకి లేస్తుంది. మగవాటి బొడిపెలు లేవవు, మడత అయితే సాగి మాయమవుతుంది. కొత్తబొరియా, తడిగా ఉండగానే తోసి చూడు. గుచ్చొద్దు, ఎత్తాలి అంతే.

కొత్తబొరియ
చేతులు వణుకుతున్నాయి. పావుగంటలో చెప్తా.

చిరుగాలి
మధ్యలో వచ్చినందుకు ఏమీ అనుకోకండి, చాలా అర్జెంట్. నా సాలీడు వెల్లకిలా పడి ఉంది. కాళ్ళు పైకి చాచి కదలడం లేదు. వారం నుంచి తినలేదు. చచ్చిపోయిందా? తిరగేసి నీళ్ళు పట్టనా?

పట్టుదారం
ముట్టుకోకు! తిరగేయకు! కుబుసం విడుస్తోంది. చనిపోయే సాలీడు నిలబడిన చోటే కాళ్ళు కిందికి ముడుచుకుని కూర్చుండిపోతుంది, వెల్లకిలా పడుకోదు. వెల్లకిలా పడుకుందంటే అది చేతనైన పనే చేస్తోంది.

తేలుకొండి
డబ్బాలో బొద్దింకో కీచురాయో ప్రాణంతో ఉంటే మెల్లగా తీసెయ్. ఈ సమయంలో ఒళ్ళు మెత్తగా ఉంటుంది, అవే దీన్ని కొరికేస్తాయి. అంతకుమించి ఏమీ చెయ్యకు. లైటు ఆపి, డబ్బా కదపకుండా, వెళ్ళి పడుకో.

చిరుగాలి
ఏమీ లేవు లోపల. సరే. నిద్రపడుతుందో లేదో గానీ.

కొత్తబొరియ
లేచింది!!! ఫోటో 5, ఫోటో 6. సూదితో వెనక నుంచి తోస్తే పలక మొత్తం తలుపులా పైకి లేచింది, వదిలితే మళ్ళీ పడుకుంది. ఒకటే ముక్క, మధ్యలో చీలిక లేదు. పై అంచు దగ్గర కొంచెం ముదురు రంగు.

భూతద్దం
ఆడది. సందేహం లేదు. వెడల్పాటి ఒంటి పలక, విడిగా ఉన్న అంచు, గీతకి తల వైపు ఉంది. ఇంతకంటే స్పష్టమైన ఫోటో అడగలేం.

మట్టిగూడు
ఇప్పుడు నేనూ ఒప్పుకుంటున్నా. ఆడదే. చిట్టికి అభినందనలు.

రాత్రిపిట్ట
నా మాట వెనక్కి. ఫోటో 3లో నేను చూసింది నీడే.

ఎనిమిదడుగులు
చిట్టెమ్మా వర్ధిల్లు తల్లీ 🕷️

నూరేళ్ళు
ఆడవి 43 ఏళ్ళు బతికిన రికార్డు ఉంది కదా? కొత్తబొరియా, నీకు మనవలొచ్చేదాకా చిట్టి ఉంటుంది.

జంతుశాస్త్రం_టీచర్
ఆ 43 ఏళ్ళది టరాంటులా కాదు. పశ్చిమ ఆస్ట్రేలియాలో మూతబొరియ సాలీడు, గయస్ విల్లోసస్. "నంబర్ 16" అని గుర్తు పెట్టుకున్నారు. బార్బరా యార్క్ మెయిన్ అనే శాస్త్రవేత్త 1974లో ఆ బొరియని నమోదు చేసి ఏళ్ళ తరబడి గమనించారు. 2016లో బొరియ మూత చిరిగి, ఖాళీగా కనిపించింది. పరాన్నజీవి కందిరీగ పొడిచి ఉంటుందని రాశారు. టరాంటులాలకి దూరపు చుట్టమే, రెంటికీ కోరలు నిలువుగా కిందికి దిగుతాయి. టరాంటులా ఆడవాటికి మాత్రం ఇరవై, కొన్ని జాతుల్లో అంతకు మించి కూడా చెప్పుకోవచ్చు.

నూరేళ్ళు
చుట్టమే కదా మాస్టారూ, పరువు నిలిచింది.

సాలెగూటి_సీత
ఆడవాటన్నిటికీ ఈ పలక ఉంటుందా? నా దగ్గర మూడు కుబుసాలు ఉన్నాయి, ఒక్కదాంట్లోనూ ఏమీ లేదు.

భూతద్దం
దాదాపు అన్నిటికీ. పూర్తిగా లేని రెండు జాతులు తెలుసు: బ్రెజిల్‌లో సికియస్ లాంగిబల్బి, టాంజానియాలో ఎన్‌సైయోక్రటెల్లా ఒలివేసియా. నీ దగ్గర అవి ఉండే అవకాశం తక్కువే. సాలీడు సైజెంత?

సాలెగూటి_సీత
కాళ్ళతో కలిపి 3 సెంటీమీటర్లు ఉంటుందేమో.

భూతద్దం
అదీ సంగతి. ఆ వయసులో ఆడదానికీ అది కంటికి ఆనని సన్నటి గీతలా, గాజులా పారదర్శకంగా ఉంటుంది. మైక్రోస్కోప్ ఉంటే తప్ప "ఏమీ లేదు కాబట్టి మగ" అనకు. మరో రెండు మూడు కుబుసాలు ఆగు. ఉంది అని చూసి ఆడ అనడం సులువు, లేదు అని చూసి మగ అనడానికి మంచి లెన్సు కావాలి, చిరగని తోలు కావాలి.

కొత్తబొరియ
అందరికీ దణ్ణాలు. ఇక రెండో ప్రశ్న మిగిలింది. జాతి. ఫోటో 1లో కాళ్ళు చూడండి. వేగన్సేనా?

పట్టుదారం
నాకు మొదటి ఫోటో చూసినప్పుడే అనుమానం. వెనక కాళ్ళ మీద పొడుగు వెంట్రుకలు ఉంగరాలు తిరిగి ఉన్నాయి కదా. కుబుసం మీద కూడా అలాగే నిలిచాయి. వేగన్స్‌కి కాళ్ళు నల్ల మఖమల్‌లా ఉండి, పొట్ట మీద మాత్రం పొడుగ్గా ఎర్ర వెంట్రుకలు ఉంటాయి. ఇది కర్లీ హెయిర్ అనిపిస్తోంది, ఆల్బోపిలోసస్.

వీపు పెంకు రంగు చెప్పు. కుబుసంది కాదు, చిట్టిది.

కొత్తబొరియ
కుబుసం విడవక ముందు ఇత్తడి చెంబు పాతబడ్డ రంగు. ఇప్పుడు కొత్త తోలు మీద ఇంకా ముదురుగా, కంచు మెరుపుతో ఉంది. నల్లగా అయితే లేదు.

పట్టుదారం
ఇంకేముంది, అదే.

తేలుకొండి
డబ్బా మీద పేరు ఎలాగూ పాతదే. వేగన్స్, ఆల్బోపిలోసస్ రెంటినీ బ్రాకీపెల్మాలోంచి తీసి ట్లిల్టోకాట్ల్ అనే కొత్త ప్రజాతిలో పెట్టారు, 2020లో. ఎర్ర మోకాళ్ళవి బ్రాకీపెల్మాలోనే ఉండిపోయాయి.

ఎనిమిదడుగులు
ఈ పేరు పలకడానికి రెండు కప్పుల టీ కావాలి.

కుబుసం_పెట్టె
ఇక్కడ కొంచెం అడ్డు పడతాను. "అదే" అని అంత గట్టిగా అనకండి.

కుబుసంతో లింగం తేలుతుంది, జాతి తేలడం వేరే సంగతి. చిట్టి పలక ఒంటి పలక, వెడల్పుగా ఉంది. దాన్నిబట్టి బ్రాకీపెల్మా, ట్లిల్టోకాట్ల్ లాంటి వాటి వైపు అని చెప్పగలం. గ్రామోస్టోలా అనే ఇంకో ప్రజాతి అయితే రెండు విడి తమ్మెలు కనిపించేవి, కాబట్టి అది కాదని చెప్పగలం. కానీ వేగన్స్‌కీ ఆల్బోపిలోసస్‌కీ పలకలు చాలా దగ్గరగా ఉంటాయి. ఫోన్ ఫోటోలో ఆ రెంటినీ విడదీయడం నా వల్ల కాదు. ఇక మిగిలింది వెంట్రుకలు, రంగు. అక్కడే ఇంకో చిక్కు: ఈ రెండు జాతులూ పెంపకంలో ఒకదానితో ఒకటి కలిశాయన్న అనుమానం పెంచేవాళ్ళలో ఎప్పటి నుంచో ఉంది. సంకరజాతి పిల్లకి కూడా ఉంగరాల వెంట్రుకలు ఉండొచ్చు.

ఒక్క పేరు ఎంతమందిని తప్పుదారి పట్టిస్తుందో చెప్తా. ఏళ్ళ తరబడి అందరం బ్రాకీపెల్మా స్మితీ అని పెంచుకున్న ఎర్ర మోకాళ్ళ సాలీళ్ళలో చాలావరకు హమోరీ అనే వేరే జాతి అని 2017 పరిశోధనతో తేలింది. ఆడవాటిలో తేడా చూసిన చోట్లలో ఒకటి సరిగ్గా మనం మాట్లాడుకుంటున్న ఈ శుక్రగ్రాహికే. దాని కింది పలక ఆకారం, పలక ముఖం నున్నగా ఉందా గీతలతో ఉందా అన్నది. అంటే పాత కుబుసాలు దాచుకున్నవాళ్ళు ఇంట్లోనే మళ్ళీ తీసి చూసుకోగలిగారు. నేనూ చూసుకున్నా. తొమ్మిదేళ్ళ కుబుసాలు చెప్పులపెట్టెలో ఉన్నాయి.

పట్టుదారం
సరే, "అదే" అన్నది "అలా ఉంది"గా మార్చుకుంటున్నా. సంకరం సంగతి నేను ఆలోచించలేదు.

రాత్రిపిట్ట
దురద నూగు చూసి జాతి చెప్పొచ్చని విన్నా. నిజమేనా?

జంతుశాస్త్రం_టీచర్
జాతి దాకా రాదు, కుటుంబంలో ఏ కొమ్మో చెప్పడానికి బాగా ఉపయోగపడుతుంది. ఆ నూగుని ఇప్పటికి ఏడు రకాలుగా విడదీశారు. అమెరికా ఖండాల టరాంటులాలకే ఉంటుంది. ఆసియా, ఆఫ్రికా వాటికి అసలుండదు. చిట్టి బంధువుల్లో ఒకటో రకం, మూడో రకం కలిసి ఉంటాయి. గ్రామోస్టోలాలో మూడు, నాలుగు. అవిక్యులేరియాలో రెండో రకం, అది కాళ్ళతో దులిపేది కాదు, తగిలితే అంటుకునేది. ఎఫెబోపస్‌కి పొట్ట మీద కాకుండా ముందు చిన్న చేతుల మీద ఉంటుంది, ఐదో రకం. కాబట్టి మైక్రోస్కోప్ కింద కుబుసం పొట్ట తోలు పెడితే "డబ్బా మీద రాసిన పేరు పూర్తిగా అబద్ధమా" అన్నది తేలిపోతుంది. ఏ రెండు అక్కచెల్లెళ్ళ జాతుల్లో ఏది అన్నది తేలదు.

మట్టిగూడు
కాళ్ళ మొదళ్ళ దగ్గర, కోరల పక్కన రాపిడితో శబ్దం చేసే ముళ్ళు కూడా చూస్తారు కదా మాస్టారూ?

జంతుశాస్త్రం_టీచర్
అవును, ఆ ముళ్ళు ఎక్కడున్నాయి, ఏ ఆకారంలో ఉన్నాయి అన్నది పెద్ద ఆధారం. అవీ కుబుసంలో చెక్కుచెదరకుండా ఉంటాయి. కానీ అన్నిటికంటే పెద్ద ఆధారం మన చేతిలో లేనిది, అది ఏ నేల నుంచి వచ్చింది అన్నది. ఆ ఆధారం కూడా ఒక్కోసారి మోసం చేస్తుంది. నీలిరంగు పోసిలోథీరియా మెటాలికాని పోకాక్ అనే శాస్త్రవేత్త 1899లో వర్ణించింది గుత్తిలో రైల్వే కలప యార్డులో దొరికిన నమూనా చూసి. తర్వాత అక్కడ ఎంత వెతికినా లేదు. నూరేళ్ళ తర్వాత నంద్యాల, గిద్దలూరు మధ్య అడవిలో కనిపించింది. కలపతో పాటు రైలెక్కి గుత్తి దాకా వచ్చి ఉంటుందని అనుకుంటున్నారు. పేరు మాత్రం లోకమంతా "గుత్తి" అనే స్థిరపడిపోయింది.

ఎనిమిదడుగులు
టికెట్ లేకుండా ప్రయాణం చేసి ఊరి పేరు నిలబెట్టింది.

తేలుకొండి
డీఎన్‌ఏ పరీక్ష చేయిస్తే?

కుబుసం_పెట్టె
కుబుసం నుంచి డీఎన్‌ఏ తీయడం సాధ్యమే, తాజాదైతే మేలు. కానీ పోల్చుకోవడానికి ఎక్కడ దొరికిందో ఖచ్చితంగా తెలిసిన నమూనాలు కావాలి. ఇంట్లో పెంచుకునేవాళ్ళకి అంత అవసరం లేదు. అవసరం ఎప్పుడంటే పిల్లలు తీయించాలనుకున్నప్పుడు. కొత్తబొరియా, నీకా ఉద్దేశం ఉందా?

కొత్తబొరియ
లేదండీ. నాకు చిట్టి ఒక్కటే చాలు. కానీ అమ్మినవాళ్ళ మీద కోపం వస్తోంది. పేరూ తప్పు, మగ అన్నదీ తప్పు. మూడేళ్ళు "మగది, త్వరలో పోతుంది" అని దిగులుపడ్డాను.

కుబుసం_పెట్టె
కోపం న్యాయమే. గోరంత పిల్లని అడుగు నుంచి చూసి మగ అని చెప్పడం ఎవరికైనా అసాధ్యం, చెప్పకుండా ఉండాల్సింది.

నువ్వు మాత్రం ఇకపై తప్పు లేబుల్ ముందుకి పంపకు. ఎప్పుడైనా వేరేవాళ్ళ చేతికి ఇవ్వాల్సి వస్తే "ఆల్బోపిలోసస్‌లా ఉంది, మూలం తెలీదు, పిల్లల కోసం వాడొద్దు" అని రాసివ్వు. తడిపిన తోలుని పరిచి ఉండగానే రెండు గాజు ముక్కల మధ్య ఆరబెట్టు. మిగతా కుబుసం ఎండాక కాయితం కవర్లో పెట్టు, ప్లాస్టిక్‌లో వద్దు, చెమ్మ చేరి బూజు పడుతుంది. తేదీ రాయి. వీపు పెంకు పొడవు కొలిచి రాయి. కాళ్ళు చాపిన కొలత చాపే మనిషిని బట్టి మారుతుంది, పెంకు పొడవు మారదు. నాలుగేళ్ళ తర్వాత ఆ పెంకులన్నీ వరసగా పేర్చి చూడు, నీకే తెలుస్తుంది నేనెందుకు ఇంత చెప్తున్నానో.

చిరుగాలి
తెల్లవారుజామున మూడింటికి అయిపోయింది! ముందు వీపు పెంకు మూతలా లేచింది, తర్వాత కాళ్ళన్నీ ఒకేసారి చేతి తొడుగులోంచి లాగినట్టు బయటికి వచ్చాయి. పూర్తిగా చూశా. కోరలు పాలలా తెల్లగా ఉన్నాయి. ఏడ్చేశాను. పోయినేడు ఊడిపోయిన కాలు కూడా మళ్ళీ వచ్చింది, కొంచెం సన్నగా.

పట్టుదారం
ఎంత మంచి కబురు! కోరలు ఎర్రబడి నల్లబడేదాకా తిండి పెట్టకు, వారం పది రోజులు ఆగు. నీళ్ళ గిన్నె మాత్రం నిండుగా ఉంచు. కుబుసం నుంచి అది దూరంగా జరిగాక పొడుగు పట్టకారుతో తీసుకో. కొన్ని దాన్ని నమిలి ఉండ చేసేస్తాయి.

భూతద్దం
తీశాక ఎండనివ్వకుండా ఇక్కడికి రా. లోపలి వైపు పైకి పెట్టి ఫోటో తియ్యి.

చిరుగాలి
ఈ చర్చంతా మళ్ళీ మొదటి నుంచి చదివి వస్తా.

కొత్తబొరియ
కవరు మీద రాశాను: "చిట్టి. ఆడ. ట్లిల్టోకాట్ల్ ఆల్బోపిలోసస్‌లా ఉంది, మూలం తెలీదు. పెంకు 21 మిల్లీమీటర్లు." ఫోటో 7.

కుబుసం_పెట్టె
తేదీ?

కొత్తబొరియ
వెనక వైపు ఉందండీ. ఫోటో 8.